చేతికి పని చూపించిన సురయ్యా ఆపా



"ఆడపిల్లకు హునర్ ఎందుకండీ, పెళ్ళి చేస్తే చాలు" అనేవారు మన మొహల్లాల్లో ఇంకా ఉన్నారు. వారికి నా జవాబు ఒక్క పేరు: సురయ్యా హసన్ బోస్. 2021లో హైదరాబాదులో కన్నుమూసిన ఆమెను అందరూ సురయ్యా ఆపా అనేవారు.

హిమ్రూ, మష్రూ ఒకప్పుడు దర్బారు బట్టలు. మష్రూ అంటే షరీఅత్ అనుమతించినది. పైకి కనబడేది పట్టు, ఒంటికి తగిలేది నూలు. మగవారికి పట్టు కూడదు గనుక నేతగాళ్ళు చేసిన ఉపాయం అది. నవాబుల కాలం పోయాక కొనేవారు తగ్గారు, నేర్చేవారూ తగ్గారు.

అప్పుడు ఆపా హుస్సేన్ షా వలీ దర్గా దగ్గర మగ్గాలు వేయించారు. ఉస్తాదులను పిలిపించి ఆడవారికి, అందులోనూ వితంతువులకు, నేత నేర్పించారు. నేర్పి వదిలెయ్యలేదు, నేసిన బట్టకు కొనేవారినీ వెతికారు. పిల్లల చదువుకు సఫ్రానీ మెమోరియల్ స్కూలు పెట్టారు.

సోదరులారా! భర్త పోయిన చెల్లెలికి జకాత్ ఇవ్వడం సవాబే. కాని అది ఏడాదికొకసారి. చేతిలో పని ఉంటే రోజూ పొయ్యి వెలుగుతుంది. మన సొసైటీ కుట్టు, నేత, అద్దకం ఏది నేర్పినా సరే, అమ్మకం బాధ్యత కూడా తీసుకోవాలని నా మనవి.