నరం లేని జీవిలో విద్యుత్తు



మా జంతుశాస్త్ర మాస్టారు తమ పాఠాన్ని ఏటా ఎండుగడ్డి నానిన నీటిచుక్కతో మొదలుపెట్టేవారు. ఆ చుక్కలో తిరిగే పారమీషియం గురించే ఈ రోజు మాట్లాడతాను. సుమారు మిల్లీమీటరులో ఐదో వంతు పొడవుండే ఏకకణజీవి అది. మెదడు లేదు, నరం లేదు. అయినా మెలికలు తిరుగుతూ ఈదుతూ పోయి, ఇసుక రేణువు తగిలితే చటుక్కున వెనక్కి తగ్గుతుంది. కాస్త పక్కకు తిరిగి మళ్లీ బయలుదేరుతుంది. అమెరికా శాస్త్రవేత్త హెర్బర్ట్ స్పెన్సర్ జెన్నింగ్స్ 1906 నాటి తమ పుస్తకంలో ఈ నడవడిని ఎంతో ఓపికగా వర్ణించారు. దాని వెనకున్న విద్యుత్తును కొలిచే సాధనాలు అప్పటికి లేవు.

రహస్యమంతా కణత్వచంలో ఉంది. త్వచం కొవ్వు పొర. విద్యుదావేశమున్న అయాన్ అందులోంచి దూరలేదు. ఆ పొరలో ఇమిడిన కొన్ని ప్రోటీన్ల నడుమ సన్నని దారులుంటాయి. అవే అయాన్ ఛానళ్లు. కణం తనకు శక్తినిచ్చే ఏటీపీ అణువును ఖర్చుపెట్టి మరీ కాల్షియాన్ని బయటికి తోడేస్తూ ఉంటుంది. లోపల రుణావేశం, బయట వేల రెట్లు కాల్షియం. ఛానల్ తెరుచుకుంటే చాలు, కాల్షియం లోపలికి తోసుకొస్తుంది.

శాస్త్రవేత్తలు యుటాకా నైటో, రోజర్ ఎకర్ట్ ఈ జీవికి సన్నని గాజు ఎలక్ట్రోడ్లు గుచ్చి, 1969లో ఫలితాలు ప్రకటించారు. ముందు భాగాన్ని తాకితే లోపలి రుణావేశం తగ్గుతుంది. ఆ తగ్గుదలకు శైలికల (ఈదడానికి వాడే సన్నని వెంట్రుకల్లాంటి భాగాల) త్వచంలోని కాల్షియం ఛానళ్లు తెరుచుకుంటాయి. కాల్షియం చేరగానే శైలికలు ఎదురుదిశలో కొడతాయి, జీవి వెనక్కి పోతుంది. అదే వెనక భాగాన్ని తాకితే పొటాషియం బయటికి పోయి, రుణావేశం పెరిగి, జీవి మరింత వేగంగా ముందుకు దూసుకుపోతుంది. ఇక నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్న సంగతి: లోపలికి వచ్చిన కాల్షియమే తాను వచ్చిన ఛానల్‌ను మూయిస్తుంది. మన గుండె కండరంలోని కాల్షియం ఛానళ్లలోనూ ఈ ఏర్పాటే ఉంది.

శాస్త్రవేత్త చింగ్ కుంగ్ వెనక్కి ఈదలేని పారమీషియాలను వేరుచేశారు. చదరంగంలో బంటు వెనక్కి జరగదు కనుక వాటికి ఆ పేరే పెట్టారు. వాటి త్వచానికి డిటర్జెంటుతో చిల్లులు చేసి, కాల్షియం, ఏటీపీ అందిస్తే శైలికలు చక్కగా దిశ మార్చాయి. అంటే శైలికల్లో లోపం లేదు; లోపమంతా కాల్షియం రావలసిన దారిలోనే.

పారమీషియానికే కాదు, బాక్టీరియాకూ ఛానళ్లున్నాయి. 1998లో రోడరిక్ మెకినన్ బృందం స్ట్రెప్టోమైసిస్ లివిడాన్స్ అనే నేలబాక్టీరియా పొటాషియం ఛానల్ నిర్మాణాన్ని వెల్లడించింది. నీటిలో ఉన్నప్పుడు పొటాషియం అయాన్ చుట్టూ నీటి అణువులుంటాయి. ఛానల్‌లోని ఆక్సిజన్ పరమాణువులు సరిగ్గా వాటి స్థానంలో నిలబడి అయాన్‌ను అందుకుంటాయి. సోడియం అంతకన్నా చిన్నది కనుక ఆ అమరిక దానికి కుదరదు. ఇంత కచ్చితంగా ఏరుతూనే ఛానల్ సెకనుకు 10 కోట్ల వరకు పొటాషియం అయాన్లను దాటించగలదు! మన నరాల్లోని పొటాషియం ఛానళ్లలో ఆ జల్లెడ భాగం దాదాపు ఇలాంటిదే. మెకినన్‌కు 2003లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

మళ్లీ పారమీషియం దగ్గరికి వస్తే, మన విద్యార్థులు దాని బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, మార్కులు తెచ్చుకుంటారు. అది ఏం చేస్తుందో చూడరు. ఇది నాకు నిజంగా బాధ. ఎలక్ట్రోడ్లు అక్కర్లేదు. అధ్యాపక మిత్రులారా, ఆ ఎండుగడ్డి నీటిలో కాస్త పొటాషియం క్లోరైడు ద్రావణం కలిపి చూపించండి. బయట పొటాషియం పెరిగితే లోపలి రుణావేశం తగ్గి, కాల్షియం ఛానళ్లు తెరుచుకుని, పారమీషియాలు ఏమీ తగలకుండానే కొన్ని సెకన్లపాటు వెనక్కి ఈదుతాయి.