పాత మాగ్నమ్ రివాల్వర్ కొనాలా?
(బోధన్ డివిజన్ సభ్యుల సమావేశంలో సంఘం కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఎజెండాలో లేని విషయం ఒకటి ముందు మాట్లాడుకోవాలి. మన సభ్యుడొకరు కమిటీ ముందుకు ఒక ప్రశ్న తెచ్చారు. ఆయనకు నాలుగెకరాల చెరకు, రెండెకరాల మక్క, ఎకరం పసుపు. తండ్రి కాలం నుంచి వచ్చిన పన్నెండు బోరు తుపాకీ లైసెన్సు ఇప్పుడు ఆయన పేరు మీదే ఉంది. నిజామాబాద్‌లో ఒక పెద్దాయన చనిపోతే, ఆయన .357 మాగ్నమ్ రివాల్వర్‌ను వారసులు అమ్మకానికి పెట్టారు. అడుగుతున్నది ఎనిమిది లక్షలు. "పందులకు పనికొస్తది, పసుపు అమ్మి పైసలు తెచ్చుకునే రోజు ధైర్యంగా ఉంటది, కొనమంటారా?" అని ఆయన అడిగారు. ఇదే ఆలోచన ఇంకా నలుగురైదుగురికి ఉందని తెలిసింది. అందుకే అందరి ముందూ చెబుతున్నాం.

పంట కోసమైతే వద్దు. ఇది మా జవాబు. ఎందుకో వినండి.

ఎనిమిది లక్షలంటే ఎంత? 2025-26 సీజనుకు కేంద్రం ప్రకటించిన చెరకు ధర క్వింటాలుకు 355 రూపాయలు, అదీ 10.25 శాతం రికవరీ ఉంటేనే. ఆ లెక్కన 225 టన్నుల చెరకు. ఎకరానికి 35 టన్నులు పండిందనుకున్నా ఆరెకరాల పైచిలుకు పంట మొత్తం. విత్తనం, ఎరువు, నరికే కూలి, లారీ కిరాయి ఏమీ తీయకుండా. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డ నాటి నుంచి మన చెరకు ఎంత దూరం పోయి తూగుతున్నదో మీకు చెప్పనక్కర్లేదు.

పాత వస్తువుకు అంత ధర ఎందుకంటే, విదేశీ తుపాకులను మామూలు మనుషులు దిగుమతి చేసుకోవడం 1980లలోనే ఆగిపోయింది. అప్పటికే దేశంలో ఉన్నవే చేతులు మారుతున్నాయి. కొనేవాడు ఇనుముకు కాదు, కరువుకు ధర కడుతున్నాడు. కాన్పూర్ ప్రభుత్వ కర్మాగారం 2014లో ఆడవాళ్ల కోసమని తెచ్చిన నిర్భీక్ అనే .32 రివాల్వర్ ధర అప్పట్లో సుమారు 1.22 లక్షలు. మాగ్నమ్ అనే పేరు చూసి కూడా మురిసిపోవద్దు. అది పెద్ద సైజు వైన్ సీసాకున్న పేరు. 1935లో అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ ఈ .357 తెచ్చినప్పుడు, మందు ఎక్కువ పట్టే తూటా కాబట్టి ఆ పేరు పెట్టారు.

ఇక పందుల సంగతి. మన చట్టమే ఈ విషయంలో తెలివిగా ఉంది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ చూడండి. నిజమైన పంట రక్షణకు అడిగితే మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలన్నది. ఆత్మరక్షణకో క్రీడకో అయితే గొట్టం కనీసం 20 అంగుళాలున్న, లోపల గాడులు లేని తుపాకీ. రివాల్వర్ ఈ రెంటిలోనూ లేదు. దానికి బలమైన కారణం చూపి అధికారిని ఒప్పించాలి. పన్నెండు బోరు లైసెన్సు ఉంది కదా, ఇదీ అందులో ఎక్కిస్తారులే అనుకుంటే కుదరదు. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే పరిమితి. లైసెన్సులో రాయని ఆయుధం ఇంట్లో దొరికితే రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా జైలు.

చట్టం పక్కన పెట్టి చెలకలో నిలబడి ఆలోచిద్దాం. రివాల్వర్ గొట్టం నాలుగంగుళాలో ఆరంగుళాలో. రాత్రి పూట, ఒక చేత టార్చి, గుంపుగా దూసుకొచ్చే పందులు. బాగా సాధన చేసిన వాడికే ఇరవై, ఇరవై ఐదు మీటర్లు దాటితే గురి కష్టం. ఏడాదికి నాలుగు తూటాలు కాల్చని మన చేతికి ఎంత గురి ఉంటది? వంద కిలోల మగ పందికి సగం దెబ్బ తగిలి అది చెరకులో దూరిందనుకోండి. పొద్దున్నే ఆ మడిలో దిగేది ఎవరు? నరికే కూలీలు. గురి తప్పిన తూటా అక్కడే పడిపోదు, కిలోమీటరు దాటి పోతది. ఎత్తు పెరిగిన చెరకు వెనక బోరు మోటారు పెట్టను వచ్చిన పక్క రైతు ఉన్నాడో లేడో మనకు కనబడదు. పన్నెండు బోరు గుళ్లు అంత దూరం పోవు. ఆయన ఇంట్లో ఉన్న పాత తుపాకే ఈ పనికి మేలు.

తుపాకీ ఏదైనా, లైసెన్సు ఉంటే పందిని కొట్టవచ్చనుకోవద్దు. అది వేరే కాగితం, ఇది వేరే కాగితం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కింద రాతపూర్వక అనుమతి ఉండాలి. అది లేకుండా కొడితే పంట పోయిన రైతే ముద్దాయి అవుతాడు. ఇదెంత అన్యాయమో ధర్నాల్లో చెబుతూనే ఉన్నాం, చెబుతూనే ఉంటాం. కానీ కేసు మీద పడ్డాక ధర్నా ఆదుకోదు.

ఆత్మరక్షణ మాటను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. నిజంగా బెదిరింపు ఉన్నవాళ్లు ఉంటారు. వాళ్లు ముందు పోలీసు ఫిర్యాదు ఇవ్వాలి. లైసెన్సు అడిగిన నాడు ఆ కాగితమే కారణం చూపిస్తది. పసుపు పైసల భయమే అయితే ఖాతాలో వేయించుకుంటే తీరుతది. నగదు సంచి కోసం ఎనిమిది లక్షల కాపలా ఎందుకు?

అయినా కొనే తీరుతామంటే, పాతది ఎట్లా చూడాలో తెలుసుకోండి. లైసెన్సున్న డీలర్ దగ్గరే, తుపాకీ మెకానిక్ చేతిలోనే చూపించాలి. సిలిండర్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూశాకే ఏదైనా. హ్యామర్‌ను మెల్లగా వెనక్కి లాగితే ప్రతి గదీ గొట్టానికి ఎదురుగా వచ్చి బిగుసుకోవాలి. ఆరు గదులూ చూడాలి, ఒకటి చూసి సంతృప్తి పడొద్దు. సిలిండర్ ముందుకూ వెనక్కూ ఊగితే, గొట్టం లోపల ఉబ్బిన వలయం కనబడితే బేరం అక్కడే వదిలేయండి. మాగ్నమ్ తూటా ఒత్తిడి ఎక్కువ, అరిగిన ఇనుము దాన్ని ఓపదు. నంబర్ చెరిపినట్టున్నా, లైసెన్సులోని నంబర్‌తో కలవకపోయినా తాకొద్దు. తూటాలు ఎక్కడ, ఎంతకు దొరుకుతాయో బయానాకు ముందే డీలర్‌ను అడగండి. మన దేశంలో తయారయ్యే .32 తూటా ఇందులో పనికిరాదు.

ఇంకో సంగతి మన డివిజన్‌కే ప్రత్యేకం. లైసెన్సు ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటది. తెలంగాణ వరకే ఉంటే, సాలూర దాటి మంజీర వంతెన మీదుగా బిలోలి పెళ్లికి నడుముకు పెట్టుకుని పోయినా నేరమే. ఆ పెళ్లిలో సంబరానికి గాల్లో కాల్చితే 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో. ఎన్నికలొస్తే తుపాకీని స్టేషన్‌లో అప్పగించమంటారు. మనకేమో ఏదో ఒక ఎన్నిక వస్తూనే ఉంటది.

ఆడవాళ్లు కమిటీలో అడిగిన ప్రశ్న ఇక్కడ చెప్పాలి. "గెట్టు పంచాయితీ, అన్నదమ్ముల పంపకం, తాగొచ్చిన రాత్రి, అప్పుల వాడు గడపలో కూర్చున్న రోజు, అది ఇంట్లో ఎక్కడుంటది?" అన్నారు. మగవాళ్లలో ఎవరూ వెంటనే జవాబు చెప్పలేదు. పురుగుమందు డబ్బాలకు తాళం వేయండని ఊరూరా చెప్పే సంఘం మనది. ఇంట్లో ఒకరి మనసు బాగాలేని రోజున చేతికందే దూరంలో నిండిన రివాల్వర్ ఉండకూడదు. ఉన్నవాళ్లు ఇనుప పెట్టెలో పెట్టి, తూటాలు వేరే చోట తాళంలో పెట్టండి.

పందులకు సంఘం చేసే పని ఇది. నష్టపోయిన చేల సర్వే నంబర్లు, ఫోటోలు ఈ నెలాఖరులోగా మండల కమిటీకి ఇవ్వండి. అన్నీ కలిపి అటవీ అధికారుల దగ్గరికి పోయి అనుమతి, అనుభవమున్న షూటర్లు రెండూ రాతలో అడుగుతాం. నలుగురు రైతులు కలిసి సోలార్ కంచె వేసుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. మక్క చుట్టూ నాలుగు వరుసల ఆముదం కొంతవరకు ఆపుతది. కరెంటు లైను నుంచి నేరుగా తీగ లాగడం మాత్రం ఎవరూ చేయొద్దు. దానికి చచ్చేది పందులే కాదు, నీళ్లు పెట్టను పోయిన మనోళ్లు కూడా.

మన సభ్యుడు ఇంకా బయానా ఇవ్వలేదు. వేరే బేరం వచ్చిందని వారసులు తొందర పెడుతున్నారట. నేరుగా అమ్మాలంటే, కొనేవారి పేరు, చిరునామాతో అధికారులకు రాసిచ్చి 45 రోజులు ఆగాలని 5వ సెక్షన్ చెబుతోంది. ఆ కాగితం చూపించమని అడగండని ఆయనకు చెప్పాం.