గోండుల పేరు పెట్టుకున్న బొగ్గు



స్మారకోపన్యాసమంటే ముందు ఆ మనిషిని పొగిడి, తర్వాత విషయంలోకి పోవడం రివాజు. మాకు చదువు చెప్పిన సారుకు పొగడ్త గిట్టేది కాదు. అందుకని ఆయన బల్ల మీద ఉండే ఒక రాయితో మొదలుపెడతాను.

గోదావరిఖనిలో మేం ఎనిమిదో తరగతిలో ఉండగా, మా తోటి పిల్లవాడొకడు వాళ్ల నాయన బొగ్గు బాయి నుంచి తెచ్చిన రాతిపలకను పుస్తకాల సంచిలో వేసుకొచ్చాడు. అరచేయంత ఉంటుంది, బూడిద రంగు. దాని మీద ఒక ఆకు అచ్చు. నాలుక ఆకారం, నడుమ ఒక ఈనె, ఆ ఈనె నుంచి రెండు పక్కలా వల అల్లినట్టు సన్నని గీతలు. సారు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి ఏటవాలు వెలుతురులో పెట్టి, "ఏ చెట్టు ఆకురా ఇది?" అన్నాడు. ఒకడు మామిడి అన్నాడు, ఒకడు ఇప్ప అన్నాడు. "ఈ ఆకు రాలిన నాటికి మామిడి లేదు, ఇప్ప లేదు. పువ్వు పూసే చెట్టే భూమ్మీద పుట్టలేదు" అన్నాడు సారు. ఆ రోజు మాకు భూగోళం పాఠం జరగలేదు. జరిగిందంతా అదే పాఠమని చాలా ఏళ్లకు అర్థమైంది.

ఆ ఆకు పేరు గ్లోసాప్టెరిస్. పాతిక కోట్ల ఏళ్ల పైమాట. అలాంటి చెట్లు చిత్తడి నేలల్లో కూలి, బురద కింద పడి, మీద ఇసుక మేటలు వేసి, నొక్కుకుపోయి మన బొగ్గయ్యాయి. ఈ బొగ్గున్న శిలలకు 1872లో మెడ్లికాట్ అనే భూగర్భ శాస్త్రవేత్త గోండ్వానా అని పేరు పెట్టాడు. గోండులు ఏలిన అడవి కదా, అందుకని. తర్వాత ఆ పేరు ఎంత దూరం పోయిందంటే ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా మనతో అతుక్కుని ఉన్న నాటి మహాఖండానికే అది పేరైపోయింది. ఉట్నూరు, జైనూరు, తిర్యాణి గూడేల్లో ఉన్నవాళ్ల పేరును ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లో చదువుతుంది. ఆ సంగతి ఆ గూడేల్లో ఎంతమందికి తెలుసో మనం ఎప్పుడూ అడగలేదు.

వాతావరణ మార్పు అనగానే టీ హోటల్లో కూర్చున్న పెద్దమనిషి ఎవరో ఒకరు అంటారు: "ఎన్నడు మారలే సార్ వాతావరణం?" ఈ ప్రశ్నను ఎగతాళి చేయడం నాకిష్టం లేదు. నిజమే, మారింది. మన కాళ్ల కిందే సాక్ష్యముంది. బొగ్గు పొరలకు అడుగున గులకరాళ్లు, బండలు, మెత్తటి మట్టి కలగలిసిన ఒక పొర ఉంటుంది. ఒడిశాలోని తాల్చేరు దగ్గర మొదట గుర్తించారు గనక ఆ పేరే స్థిరపడింది. మన ప్రాణహిత-గోదావరి లోయలోనూ ఉంది. అవి మంచుగడ్డలు ఈడ్చుకొచ్చి వదిలేసిన రాళ్లు. అంటే ఇవాళ మే నెలలో చెప్పు లేకుండా కాలు పెట్టలేని ఈ నేల ఒకప్పుడు మంచు కింద ఉంది. మంచు పోయి చిత్తడి అడవి వచ్చింది. అదీ పోయి రాక్షసబల్లులు తిరిగాయి. మంచిర్యాల జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలకు కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని ఊరి పేరే పెట్టారు. ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో నిలబడి ఉంది.

కానీ పెద్దమనిషికి జవాబు కూడా ఆ పొరల్లోనే ఉంది. మంచు నుంచి అడవికి రావడానికి లక్షల, కోట్ల ఏళ్లు పట్టింది. ఆకుకు మారే వ్యవధి దొరికింది. ఇప్పుడు నూటయాభై ఏళ్లలోనే భూమి సగటు వేడి ఒక డిగ్రీకి పైగా పెరిగింది. 2024లో ఒక్క ఏడాది లెక్క చూస్తే ఒకటిన్నర డిగ్రీ దాటింది. వెనకటి మార్పులకు సూర్యుడు, అగ్నిపర్వతాలు, ఖండాల కదలిక అంటూ కారణాలు వెతుక్కోవాలి. ఈ మార్పుకు అంత వెతుకులాట అక్కర్లేదు. బొగ్గును వే బ్రిడ్జి మీద తూకం వేసి, బిల్లు రాసి, రైలు పెట్టెల్లోకి ఎక్కించి మరీ పంపాం.

బొగ్గు పొగలోని వాయువు వేడి పట్టి ఉంచే సంగతి కొత్తగా కనిపెట్టిందీ కాదు. 1856లో యూనిస్ ఫుట్ అనే అమెరికన్ మహిళ రెండు గాజు గొట్టాలు తీసుకుని, వేర్వేరు వాయువులు నింపి ఎండలో పెట్టి చూసింది. బొగ్గుపులుసు వాయువున్న గొట్టం ఎక్కువ వేడెక్కింది, నీడకు తెచ్చాక చల్లారడానికి చాలాసేపు పట్టింది. గాలిలో ఆ వాయువు ఎక్కువైతే భూమి వేడెక్కుతుందని అప్పుడే రాసింది. 1896లో స్వీడన్‌కు చెందిన అర్హేనియస్ కాగితం మీద లెక్కే కట్టాడు. మధ్యలో, 1889లో, ఇల్లెందు దగ్గర సింగరేణి తొలి తవ్వకాలు మొదలయ్యాయి. బొగ్గు మన దగ్గర పైకి రాకముందే దాని పొగలోని వాయువు ఏం చేస్తుందో ఒకామెకు తెలుసు. ఆ ముక్క మన దాకా రావడానికి మాత్రం వందేళ్లు పట్టింది.

ఇంకో వింత ఉంది. కట్టె గానీ బొగ్గు గానీ కాలితే గుప్పెడు బూడిదే మిగులుతుందనుకుంటాం. కానీ బొగ్గులోని కర్బనం కిలో కాలితే మూడున్నర కిలోలకు పైగా వాయువవుతుంది. గాలిలోని ప్రాణవాయువు దానికి తోడవుతుంది మరి. మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ గనక, టన్ను కాలిస్తే సుమారు టన్నున్నర వాయువు అనుకోవచ్చు. సింగరేణి 2023-24లో తవ్వింది 7 కోట్ల టన్నులు. లెక్క మీరే వేసుకోండి. ఇంట్లో మీటరు ఒక యూనిట్ తిరిగిందంటే, అది బొగ్గు కరెంటైతే, ఎక్కడో ఒక చిమ్నీ నుంచి కిలో దగ్గర దగ్గర వాయువు పైకి పోయినట్టే.

ఈ మాట ఇక్కడ చెప్పడం నాకు సులువు కాదు. మా ఇంట్లో అన్నం ఉడికింది బాయి జీతంతో. 1920ల చివర్లో బెల్లంపల్లిలో, 1960 ప్రాంతంలో గోదావరిఖనిలో బాయిలు తెరిస్తే కరువు తరిమిన పల్లెలకు అక్కడ నెలజీతం దొరికింది. 1983లో రామగుండం ఎన్టీపీసీ మొదటి యూనిట్ తిరిగింది. పెరిగి పెరిగి 2600 మెగావాట్లయింది. దాని కరెంటు దక్షిణాది రాష్ట్రాలకు పోయింది. బూడిద మాత్రం మన దగ్గరే ఉంది, కుందనపల్లి చెరువులో. ఎండాకాలం గాలి లేస్తే ఆ చుట్టుపక్కల ఇళ్లలో దండెం మీద తెల్ల బట్ట ఆరేయరు. ఒక అమెరికన్ ఏడాదికి గాలిలోకి వదిలే వాయువు పద్నాలుగు టన్నుల వరకు ఉంటే, మన దేశంలో మనిషికి రెండు టన్నులు. అందులోనూ తిర్యాణి గుట్టల మీది గోండు కుటుంబం వాటా ఎంత? రెండు బల్బులు, ఒక సెల్‌ఫోన్. పేరు వాళ్లది, వాడకం మనది.

ఇక జరుగుతున్నది చూద్దాం. ముందు వాన.

కడెం ఆనకట్ట గురించి చెప్పాలి. 1958 మార్చిలో హవాయి దీవుల్లోని ఒక కొండ మీద చార్లెస్ కీలింగ్ గాలిలో బొగ్గుపులుసు వాయువును రోజూ కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు పది లక్షల పాళ్లలో 315. అదే ఏడాది ఆగస్టులో కడెం ఆనకట్ట మీది నుంచి వరద పొర్లి గండి పడింది. తర్వాత గేట్లు పెంచి మొత్తం పద్దెనిమిది చేశారు. ఈ రెంటికీ సంబంధం ఉందని నేననడం లేదు. ఆ వరద మామూలు ప్రకృతిదే. వరదలు ఎప్పుడూ ఉన్నాయని చెప్పడానికే ఇది చెప్పాను. మారింది వాటి వరస. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే ఏడు శాతం దాకా ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచగలదు. నింపుకునేది ఎక్కువైతే కుమ్మరించేదీ ఎక్కువే.

2022 జూలై 13న కడెంలోకి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చాయి. ప్రాజెక్టు వదలగలిగింది మూడు లక్షల దరిదాపు. పదిహేడు గేట్లు ఎత్తారు, ఒకటి లేవలేదు. కింది ఊళ్లను రాత్రికి రాత్రే ఖాళీ చేయించారు. కట్ట మీద నిలబడి చూసిన ఒకాయన నాతో అన్నాడు: "నీళ్లు కాదు సార్, చెట్లొచ్చినయి. వేర్లతోటి టేకు చెట్లు వచ్చి గేట్లకు కొట్టుకుంటుంటే కట్ట వణికింది. కాళ్లకు తెలిసింది." కట్ట నిలిచింది. మరుసటి జూలైలో మళ్లీ కొన్ని గేట్లు మొరాయించి నీళ్లు వాటి మీది నుంచి పొర్లాయి. ఆ వారమే, 2023 జూలై 27 నాటికి, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. నాలుగు నెలల్లో పడాల్సిన దాంట్లో సగమనుకోండి. తెలంగాణలో ఒక రోజు వానకు అదే రికార్డు. ఈ వరదల్లో ఫలానాది వాతావరణ మార్పు వల్లనే వచ్చిందని నేను సంతకం పెట్టను. కానీ 1958 వరద తర్వాతి లెక్కతో పెట్టిన గేట్లు ఇవాళ్టి మబ్బుకు సరిపోవని చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

అంత వాన పడే చోటే జూన్‌లో చినుకు కోసం మొగులు చూస్తారు. పత్తి రైతుకు మిరుగం అంటే పండుగ. ఆనాడు చేప కూర వండుకుని, మర్నాడు గింజలు పెడతాడు. నల్లరేగడి లోపలి దాకా తడవాలంటే 60, 70 మిల్లీమీటర్లన్నా పడాలి. ఇప్పుడేమవుతున్నది? ఒక దంచుడు వాన పడుతుంది, భూమి పైపైన తడుస్తుంది, రైతు ఆశపడతాడు, తర్వాత పదిహేను రోజులు నిప్పులు. ఇంద్రవెల్లి దగ్గర ఒక చేనులో నేనే చూశాను. ఒకామె కూర్చుని సాలులో వేలితో తవ్వి గింజ బయటకు తీసింది. మొలక వచ్చింది, పైకి రాలేక కొక్కెంలా వంగి ఎండింది. పక్కన గింజ తీసింది, అదీ అంతే. మూడోది తీయలేదు. పత్తి గింజల ప్యాకెట్టు అప్పుడు తొమ్మిది వందల దాకా ఉండేది, ఎకరానికి రెండైనా కావాలి. ఆ ఏడు వాళ్లు రెండుసార్లు పెట్టారు. వెనకట జొన్న వేసుకున్న రోజుల్లో గింజ ఇంట్లోదే, పోతే పోయేది. జొన్న ఎండకు ఓర్చుకుంటుంది కూడా. జొన్న గట్క నుంచి పత్తికి మారమని వాళ్లకు చెప్పింది మొగులు కాదు, మార్కెట్టు. అది వేరే ఉపన్యాసం.

కరీంనగర్ వైపు బాధ నీళ్ల లేమి కాదు, అకాలం. యాసంగి వరి కోతకొచ్చే మార్చి, ఏప్రిల్ నెలల్లోనే రాళ్లవాన. 2023 మార్చిలో రామడుగు మండలంలో పంట ఎలా పడిపోయిందంటే ముఖ్యమంత్రే వచ్చి చేలల్లో తిరిగి ఎకరానికి పదివేలు ప్రకటించాల్సి వచ్చింది. జగిత్యాల మామిడి తోటల్లో పిందెలు చెట్టు కింద చాపలా పరుచుకున్నాయి. అదే పాడు గాలి అడవి మీద పడితే ఇప్పపువ్వు తెల్లవారుజామున ఏరుకోవడానికి మిగలదు. దానికి మాత్రం ఎకరం లెక్క లేదు, పరిహారమూ లేదు.

మన వరి గురించి ఒక చేదు మాట. నీళ్లు నిలగట్టిన మడి నుంచి మీథేన్ వస్తుంది. వందేళ్ల లెక్కన చూస్తే బొగ్గుపులుసు వాయువు కన్నా 28 రెట్ల దాకా వేడి పట్టే వాయువు అది. కాలువలొచ్చాక ఎకరం ఖాళీ లేకుండా వరి వేసిన జిల్లా మనది. ఆరుతడి పెడితే మీథేన్ తగ్గుతుంది, నీళ్లూ మిగులుతాయి. రైతుల్ని అడిగితే, "గడ్డి ఎవరు తీయాలె?" అంటారు. ఆ ప్రశ్నకు కూలీ డబ్బులతో తప్ప జవాబు లేదు.

ఎండ సంగతి ఎక్కువ చెప్పను, మీరంతా అందులోంచే వచ్చారు. 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా వడదెబ్బకు పోయారు. ఏటా వేసవిలో రామగుండం పేరు రేడియోలో, టీవీలో రోజూ వినిపిస్తుంది. ఓపెన్‌కాస్ట్ గని అడుగున మధ్యాహ్నం పూట నిలబడితే ఎండ నెత్తి మీద నుంచే కాదు, నల్లటి గోడల నుంచీ కొడుతుంది. వెనకట బాయిలోకి దిగితే చల్లగా ఉండేదని పాత కార్మికులు చెబుతారు. బొగ్గు తవ్వే మనిషినే బొగ్గు వేడి ముందు తాకింది.

బాయిలు మూసేయండని అనడానికి నేనెవర్ని? ఒకప్పుడు లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇవాళ నలభై వేల లెక్కలో ఉన్నారు. ఏ పర్యావరణవాదీ అడగకుండానే యంత్రాలు ఆ పని చేశాయి. బెల్లంపల్లి వెళ్లి చూడండి, బొగ్గు అయిపోయాక ఊరు ఎలా ఉంటుందో. ఎన్టీపీసీ జలాశయం మీద 2022 నుంచి వంద మెగావాట్ల సౌర పలకలు తేలుతున్నాయి. మంచిదే. కానీ పలకలు బిగించాక అక్కడ ఎంతమందికి పని? గోదావరిఖని పిల్లలు నన్ను అడిగేది ఇదే. భూమి వేడి గురించి కాదు. ఈ ప్రశ్నకు ఇప్పుడే, బొగ్గు ఉండగానే, డబ్బు కేటాయించి జవాబు వెతకాలి. బొగ్గు అయిపోయాక వెతికితే బెల్లంపల్లే దొరుకుతుంది.

సారు పోయాక వాళ్లమ్మాయి ఆ రాయిని నాకిచ్చింది. పాత దస్తీలో చుట్టి ఇవాళ తెచ్చాను, ఈ బల్ల మీద ఉంది. సభ అయ్యాక పిల్లలు వచ్చి చూడవచ్చు. కిటికీ దగ్గరికి తీసుకుపోయి ఏటవాలుగా పట్టుకుంటేనే ఈనె కనబడుతుంది. మెల్లగా పట్టుకోండి, అంచున పొరలు లేస్తున్నాయి.