చీటీ లేని పాలకు రేటు లేదు
(పాడి రైతుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పాల ప్యాకెట్ మీద ధర అచ్చేసి ఉంటుంది. మనం కేంద్రంలో పోసే పాలకు మాత్రం బిల్లు వచ్చేదాకా ధర తెలియదు. ఈ తేడా గురించే నాలుగు మాటలు చెబుతాను.

1991లో కేంద్రం పాల పరిశ్రమకు లైసెన్సు నిబంధన ఎత్తేసింది. 1992లో ఒక ఉత్తర్వు తెచ్చి, ఏ డెయిరీ ఏ ప్రాంతంలో పాలు సేకరించాలో హద్దులు పెట్టింది. 2002లో ఆ హద్దులూ తీసేసింది. ఎవరైనా ఎక్కడైనా కొనవచ్చు, పోటీ పెరిగి రైతుకు మంచి ధర వస్తుందన్నారు. డెయిరీలు పెరిగిన మాట నిజమే. కానీ పోటీ జిల్లాలో ఉంటే చాలదు, మన ఊళ్లో ఉండాలి. ఊళ్లో ఒకటే కేంద్రం, గేదె కొనడానికి అడ్వాన్సు ఇచ్చిందీ ఆ ఏజెంటే అయితే, ఇక మనం వేరేచోట పోయగలమా?

అసలు కోత రేటులో కాదు, కొలతలో పడుతుంది. లెక్క చూడండి. కిలో వెన్నకు 800 రూపాయలు ఇస్తున్నారనుకుందాం. రోజుకు పది కిలోల పాలు పోస్తున్నాం. 7 శాతం వెన్నను 6.5గా రాస్తే, 50 గ్రాముల వెన్న పోయినట్టే. అంటే రోజుకు 40 రూపాయలు, నెలకు 1,200. ఒక్క పైసా రేటు తగ్గించకుండానే దాణా డబ్బులు పోయాయి!

ఆ వెన్న విలువ డెయిరీకి బాగా తెలుసు. టోన్డ్ పాలలో 3 శాతం వెన్న ఉంటే చాలు. 6 శాతం ఉన్న మన లీటరు పాలలోని వెన్న రెండు లీటర్ల టోన్డ్ పాలకు సరిపోతుంది. మిగతా ఘనపదార్థాలకు వెన్న తీసిన పాలో, పాలపొడో కలుపుతారు. అది తప్పు కాదు, నిబంధనల్లో ఉన్నదే. మన వెన్నను సరిగ్గా లెక్కగట్టమనే అడుగుతున్నాం.

వరికి, పత్తికి మద్దతు ధర ప్రకటిస్తారు. పాలకు అదీ లేదు. పాలపొడి ధర పడగానే సేకరణ ధర దించుతారు, ప్యాకెట్ ధర మాత్రం అంత త్వరగా దిగదు.

అందుకే మన డిమాండ్లు ఇవి. దాణా, మేత, కూలి ఖర్చులు లెక్కగట్టి పాలకు కనీస ధర ప్రకటించాలి. పూటపూటకీ పరిమాణం, వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్, రేటు ఉన్న చీటీ ఇవ్వాలి. రేటు మార్చే ముందే నోటీసు అతికించాలి. తూనికల శాఖ కాటాలకు ఏటా ముద్ర వేయాలి, వెన్న కొలిచే యంత్రాలనూ తనిఖీ చేయాలి. సహకార డెయిరీలను బతికించాలి. అవి బలంగా ఉన్నచోటే ప్రైవేటు డెయిరీలు రేటు దించడానికి వెనకాడతాయి.

ప్రభుత్వం చేసేదాకా మనం ఊరికే కూర్చోనక్కర్లేదు. ములుకనూరు మహిళలు 1995 నాటి పరస్పర సహాయ సహకార చట్టం కింద సొంత డెయిరీ నడుపుకుంటున్నారు. మనం అంతదూరం ఇవాళే పోలేకపోవచ్చు. ఊరి సంఘం తరఫున వెన్న కొలిచే యంత్రం ఒకటి కొనుక్కోగలం. అవే పాలను రెండుచోట్లా కొలిపించి, నెలరోజులు పుస్తకంలో రాయగలం.

వచ్చే సమావేశానికి ప్రతి ఒక్కరూ చీటీలు తీసుకురండి. చీటీ ఇవ్వని కేంద్రం పేరు రాసుకురండి. అధికారి ముందు మన గోడు కాదు, మన లెక్క పెడదాం.