పెనుకొండ ఎక్కితే ఎక్కడ నిలబడాలి?

పెనుకొండ దుర్గం ఎక్కినవాళ్లు చాలామంది పైన నరసింహస్వామి గుడి దగ్గర ఫోటో తీసుకుని దిగేస్తారు. దూరం చూడాలంటే అదే చోటు. ఊరు చూడాలంటే మాత్రం కాదు. కొండవాలు అడ్డొచ్చి కాలికిందున్న కోట కనపడదు. ఇంజనీరుగా నా మాట: సగం దారిలో, పాత గోడ పక్కన ఆగండి. గగన్ మహల్, ఇళ్లు, ధర్మవరం వైపు రైలుపట్టాలు ఒక్క చూపులో అందుతాయి.

1565లో తళ్లికోట యుద్ధం ఓడాక తిరుమలరాయలు రాజధానిని ఇక్కడికి తెచ్చుకున్నాడు. వచ్చే సైన్యం ముందే కనపడాలి మరి! మనకు ఫోటో, కావలివాడికి ప్రాణం. పిల్లలకు ఇది అక్కడే చెప్పాలి, పుస్తకంలో కాదు. హిందూపురం నుంచి గంట దారి. వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే వెళ్లండి, దుమ్ము ఉండదు. మధ్యాహ్నం మాత్రం వద్దు, బండ కాలుతుంది.