ట్రాక్టరు పవర్ స్టీరింగులో ఆయిలు ఒత్తిడి
(రైతుల శిక్షణ తరగతిలో చేసిన ఉపన్యాస పాఠము)



పవర్ స్టీరింగుగల ట్రాక్టర్లు నేడు మన పల్లెలలో సర్వసాధారణమైనవి. దమ్ములో దిగిన ట్రాక్టరునైనను ఒక చేతితో మళ్ళించుటకు వీలగుచున్నది. కాని స్టీరింగు కొంచెము బరువెక్కగానే "పంపులో ప్రెషరు పోయినది" అని తలచి, వేలకొలది రూపాయలు పోసి క్రొత్త పంపు వేయించుటయు, అప్పటికిని స్టీరింగు తేలిక కాకపోవుటయు పలుచోట్ల జరుగుచున్నది. ఒత్తిడి ఎట్లు పుట్టునో, ఎట్లు తగ్గునో తెలిసినచో ఈ వృథా ఖర్చు తప్పును. అంతేకాదు, ఈ ఒత్తిడి వలన కలుగు అపాయములనుండి మనలను మనము కాపాడుకొనవచ్చును.

పంపు పని ఏమి?

మీలో చాలమంది పవర్ స్ప్రేయరును వాడియుందురు. గన్ను చివరనున్న నాజిలును తీసివేసి పంపును నడిపినచో నీరు ధారాళముగా వచ్చును గాని గేజీ ముల్లు పైకి లేవదు. నాజిలు బిగించిన వెంటనే ముల్లు లేచును. పంపు అదే, ఇంజను వేగమును అదే. మారినది నీటికి కలిగిన అడ్డు మాత్రమే. గన్నును పూర్తిగా మూసినచో నీరు బైపాస్ గొట్టముగుండా తిరిగి డ్రమ్ములోనికి పోవును. ఆ దారి లేనియెడల గొట్టము పగులును.

స్టీరింగు పంపును ఇట్టిదే. అది ప్రతి చుట్టునకు ఇంత అని కొలత ప్రకారము ఆయిలును ముందుకు త్రోయును. పంపు ఇచ్చునది ప్రవాహము. ఆ ప్రవాహమునకు ఎదురైన అడ్డును బట్టి ఒత్తిడి పుట్టును. ఈ ఒక్క మాటను జ్ఞాపకముంచుకొనినచో మిగిలినదంతయు సులభముగా బోధపడును.

చిన్న శ్రమకు పెద్ద బలము

మూసియున్న పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్నివైపులకు సమానముగా ప్రాకునని 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు పాస్కల్ తెలిపెను. ఒత్తిడిని పిస్టను వైశాల్యముతో హెచ్చవేసినచో బలము వచ్చును. ఉదాహరణకు 4 సెంటీమీటర్ల వ్యాసముగల పిస్టనుకు సుమారు 12½ చదరపు సెంటీమీటర్ల వైశాల్యముండును. దానిపై చదరపు సెంటీమీటరుకు 60 కిలోగ్రాముల ఒత్తిడి పడినచో 750 కిలోగ్రాముల బలము లభించును. మన చేయి చేయునది వాల్వును త్రిప్పుట మాత్రమే. బరువైన పని ఇంజను చేయుచున్నది.

ఈ సూత్రముపై అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అను ఇంజనీరు 1926 నాటికే మోటారు వాహనమునకు పవర్ స్టీరింగు అమర్చి చూపెను. అమ్మకమునకు వచ్చిన కారులో అది మొదట కనబడినది 1951లో, క్రైస్లర్ కంపెనీ వారి ఇంపీరియల్ కారులో. నేటి క్రొత్త కార్లలో పెక్కింటికి ఆయిలుకు బదులు విద్యుత్ మోటారే ఈ పని చేయుచున్నది. ట్రాక్టరులో మాత్రము సాధారణముగా ఆయిలే పని చేయుచున్నది.

ఆయిలు నడచు దారి

ఆయిలు తొట్టినుండి ఫిల్టరుగుండా పంపునకు, పంపునుండి స్టీరింగు క్రిందనున్న వాల్వునకు వచ్చును. ట్రాక్టరు తిన్నగా పోవుచున్నప్పుడు వాల్వు ఆయిలును మరల తొట్టిలోనికే పంపివేయును. అడ్డు స్వల్పము గనుక ఒత్తిడియు స్వల్పమే. స్టీరింగును త్రిప్పగానే వాల్వు ఆయిలును సిలిండరులో ఒకవైపునకు పంపును. రెండవవైపు ఆయిలు తొట్టికి మరలును. ముందు టైర్లు నేలపై ఎంత మొరాయించిన ఒత్తిడి అంత పెరుగును. కదలుచున్న ట్రాక్టరును త్రిప్పుటకంటె నిలిచియున్న దానిని త్రిప్పుటకు ఎక్కువ ఒత్తిడి కావలెను. టైర్లలో గాలి తగ్గినను, ముందు ఇరుసు కింగు పిన్నులకు గ్రీజు పెట్టకపోయినను ఒత్తిడి అనవసరముగా పెరుగును. కాబట్టి స్టీరింగు బరువెక్కినప్పుడు మొదట చూడవలసినది టైరును, గ్రీజును, పంపును కాదు.

చక్రములు చివరవరకు తిరిగి ఆగిన తరువాత కూడ స్టీరింగును బిగబట్టినచో ఆయిలుకు దారి ఉండదు. అప్పుడు రిలీఫ్ వాల్వు తెరచుకొని ఆయిలును తొట్టికి వదలును. ఆ సమయమున వినబడు కీచు శబ్దము దీనిదే. నిమిషమునకు 10 లీటర్ల ఆయిలు, చదరపు సెంటీమీటరుకు 100 కిలోగ్రాముల ఒత్తిడితో ఇట్లు పోవుచున్నచో, 2 అశ్వశక్తులకు పైబడిన శక్తి ఏ పనియు చేయక కేవలము వేడిగా మారును. ఆ వేడికి ఆయిలు పలుచబడును, సీళ్ళు గట్టిపడి కారుట మొదలిడును. చివరవరకు త్రిప్పినచో వెంటనే కొంచెము వెనుకకు వదలవలెను.

దోషమును గుర్తించుట

1. రెండువైపుల బరువుగా నున్నచో: టైర్ల గాలి, గ్రీజు, ఆయిలు మట్టము, ఫిల్టరు వరుసగా చూడవలెను. బెల్టుతో నడచు పంపులు గల కార్లలో బెల్టు బిగువును కూడ చూడవలెను.

2. ఒకవైపు మాత్రమే బరువుగా నున్నచో: పంపు నిర్దోషియని ఎంచవచ్చును. ఒకే పంపు రెండువైపులకు ఆయిలు నిచ్చుచున్నది గదా! దోషము వాల్వులోగాని సిలిండరులోగాని ఉండును.

3. ఆయిలు నురుగు కట్టి, పంపు మూలుగుచు, స్టీరింగు కుదుపులతో తిరుగుచున్నచో: పంపునకు ఆయిలు వచ్చు గొట్టములో గాలి చొరబడుచున్నది. ఆయిలు మట్టమును, క్లిప్పులను చూడవలెను.

4. ఆయిలు పాలవలె తెల్లబారినచో: నీరు కలిసినది. మార్చి తీరవలెను.

ఇవన్నియు సరిగా నుండియు బరువు తగ్గనిచో, పంపునకును వాల్వునకును మధ్య గేజీ పెట్టించి పరీక్ష చేయించుడు. ఆయిలు వేడెక్కిన పిదప స్టీరింగును చివరవరకు త్రిప్పి, 5 సెకండ్లకు మించకుండ పట్టి, గేజీని చదువవలెను. కంపెనీ పుస్తకములో వ్రాసిన అంకె వచ్చినచో పంపును, రిలీఫ్ వాల్వును సరిగా నున్నట్లే. రానిచో ఆ రెండింటిలో దోషము దేనిదో తేల్చిన పిమ్మటనే పంపును మార్పించవలెను. గేజీ చూడకుండ పంపు కొనుట, నాడి చూడకుండ మందు మ్రింగుట వంటిది.

తేలికగా తిరుగునను ఆశతో రిలీఫ్ వాల్వును బిగించు మెకానిక్కులు కొందరున్నారు. దీనికి ఎన్నడును ఒప్పుకొనరాదు. ఆ వాల్వు గొట్టములకు కాపలాదారు. అది తెరచుకొననిచో బలహీనమైన గొట్టము పగులును, బహుశః ట్రాలీ నిండ ధాన్యముతో రోడ్డుపై పోవుచుండగానే.

ఆయిలు విషయము

కంపెనీ పుస్తకములో చెప్పిన ఆయిలునే వాడవలెను. కొన్ని ట్రాక్టర్లలో స్టీరింగుకు వేరు తొట్టి ఉండును. కొన్నిటిలో వెనుకనున్న గేరు పెట్టెలోని ఆయిలే దీనికిని వచ్చును. బ్రేకు ఆయిలును ఎన్నడును పోయరాదు. సీళ్ళు ఉబ్బి పాడగును. మూత తీయుటకు ముందు దాని చుట్టునున్న దుమ్మును గుడ్డతో తుడువవలెను. ఇసుకరేణువు కన్నుకు కనబడకపోయినను పంపును అరుగదీయును.

రెండు అపాయములు

మొదటిది: చాల ట్రాక్టర్లలో స్టీరింగుకును ముందు చక్రములకును నడుమ కడ్డీల సంబంధముండదు, ఆయిలే సంబంధము. ఇంజను ఆగినచో మన చేతి బలముతోనే ఆయిలును నెట్టవలసి వచ్చును గనుక స్టీరింగు మిక్కిలి బరువగును. డీజిలు కలిసివచ్చునని పల్లములో ఇంజను ఆపి దిగువారున్నారు. గిద్దెడు డీజిలుకొరకు ప్రాణమును పణముగా పెట్టరాదు.

రెండవది: గొట్టమునకు సూదిమొనయంత రంధ్రము పడినచో ఆయిలు సన్నని ధారగా, కంటికి కనబడనంత వేగముగా చిమ్మును. అది చర్మమును ఛేదించి లోనికి పోగలదు. కారుచున్న చోటును వ్రేలితో తడిమి వెదకరాదు. అట్టముక్కనుగాని చెక్కముక్కనుగాని అడ్డుపెట్టి చూడవలెను. మరమ్మతునకు ముందు ఇంజను ఆపి, స్టీరింగును ఇటు అటు కదిపి ఒత్తిడిని వదలింపవలెను. ఒకవేళ ఆయిలు చర్మములోనికి పోయినచో, గాయము చీమకుట్టినంతే కనబడును, నొప్పియు మొదట స్వల్పముగానే ఉండవచ్చును. అయినను పసుపు పూసి ఊరకుండరాదు. లోపల కండ చెడి వ్రేలు, చేయి తీసివేయవలసిన స్థితి రావచ్చును. ఆ గంటలోనే శస్త్రచికిత్స సౌకర్యముగల ఆస్పత్రికి పోయి, "ఒత్తిడితో ఆయిలు లోనికి పోయినది" అని డాక్టరుకు స్పష్టముగా చెప్పవలెను.

సోదరులారా! అడ్డు పెరిగిన ఒత్తిడి పెరుగును. కావున అడ్డును తగ్గించుట మన చేతిలోని పని. వారమునకు ఒకమారు టైర్ల గాలి, ఆయిలు మట్టము, గొట్టములు చూచుకొనుడు. పనివానిచేత నడిపించువారు ఈ సంగతులను అతనికి కూడ తెలియజెప్పుడు. గొట్టము దగ్గరకు ముందుగా చేయి పోవునది అతనిదే గదా!