కట్టగలిగే అద్దె

(ఒక పొదుపు సంఘం సమావేశంలో ఒక సోదరి చేసిన ప్రసంగం)



నేను మీటింగుల్లో మాట్లాడే మనిషిని కాను. గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే పని చేస్తాను. కొన్నేళ్ళ కిందటి వరకు వేలిముద్ర వేసేదాన్ని. ఇప్పుడు సంతకం పెడతాను. లెక్క రాస్తాను. ఆ లెక్కే నాకు ఇల్లు ఇప్పించింది. ఆ సంగతి చెబుదామని వచ్చాను.

2020లో కరోనా వచ్చింది. పనులు ఆగిపోయాయి. నాకూ పని లేదు, మా ఆయనకూ లేదు. అప్పటికే మాకు రెండు అప్పులున్నాయి. ఒకటి వారం వారం కట్టేది. రెండోది బండి అప్పు. రెండూ కట్టలేకపోయాం. ఇంటి అద్దె కూడా రెండు నెలలు నిలిచిపోయింది. నెలకు 2,500 చొప్పున 5,000 బాకీ పడ్డాం. ఆ బాకీతోనే ఇల్లు ఖాళీ చేశాం.

తరువాత ఇంకో ఇల్లు చూసుకున్నాం. "అప్పులేమైనా ఉన్నాయా?" అని ఆ ఇంటావిడ అడిగింది. "ఏమీ లేవండీ" అన్నాను. భయంతో అన్నాను. మూడో నెలలో అప్పు వసూలు చేసే మనిషి వచ్చాడు. వీధిలో నిలబడి మా ఆయన పేరు పెట్టి అరిచాడు. ఆ సాయంత్రమే ఇంటావిడ ఖాళీ చేయమంది. "అప్పు ఉన్నందుకు కాదమ్మా, అబద్ధం చెప్పినందుకు" అంది.

అప్పుడు పిల్లలకు పరీక్షలు. సామాను రిక్షాలో వేసుకుని మా అమ్మ ఇంటికి వెళ్ళాం. ఒక్క గది. అందులో ఏడుగురం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డబ్బు పోతే సంపాదించవచ్చు. మాట పోతే ఎలా?

మర్నాటి నుంచి నేను చేసిన మొదటి పని ఇది. మొదటి ఇంటావిడ దగ్గరకు వెళ్ళాను. నెలకు 500 చొప్పున బాకీ తీరుస్తానన్నాను. ఆమె నమ్మలేదు. అయినా కట్టాను. కట్టినప్పుడల్లా నోటుపుస్తకంలో నేనే రాసి, ఆమె చేత సంతకం పెట్టించుకున్నాను. పది నెలలకు 5,000 తీరింది. చివర ఆమె తన చేత్తో "బాకీ తీరింది" అని రాసింది. ఆ రెండు మాటల కోసం పది నెలలు పట్టింది.

చాలామంది సిబిల్ అనే మాట వినే ఉంటారు. మన అప్పుల చరిత్రకు అక్కడ మార్కులు వేస్తారు. 300 నుంచి 900 వరకు ఉంటాయి. బ్యాంకులు అవి చూస్తాయి. ఆ రిపోర్టును ఏడాదికి ఒకసారి మనం ఉచితంగా తీసుకోవచ్చు. తీరిన అప్పు తీరనట్టు ఉంటే సరిచేయమని అడగవచ్చు. కానీ మన పేటల్లో ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు ఆ రిపోర్టు చూడరు. వాళ్ళకు కావలసిన రిపోర్టు పాత ఇంటావిడ నోట్లో ఉంటుంది.

ఇక ఇప్పుడున్న ఇంటి సంగతి. ఇంటావిడ పెద్దావిడ. అద్దె 3,500 అంది. మూడు నెలల అడ్వాన్సు కావాలంది. నేను ముందే చెప్పేశాను.

"పిన్నిగారూ, మాకు బండి అప్పు ఉంది. దాచను. నెలకు 1,000 కడుతున్నాం. వారం అప్పు తీర్చేశాం."

"అయితే ఆ వసూలు వాళ్ళు నా గుమ్మంలోకి వస్తారా?"

"రారండి. నేనే ఆఫీసుకు వెళ్ళి కడుతున్నాను. ఇవిగో రసీదులు. ఇది పాత ఇంటి లెక్క. ఇది మా పొదుపు సంఘం పుస్తకం. ఒక్క నెలా తప్పలేదు."

ఆమె కళ్ళజోడు పెట్టుకుని అన్నీ చూసింది. చూసి, "ఏమో అమ్మాయ్, అప్పులున్నవాళ్ళతో నాకు భయం. 4,000 ఇస్తానంటే చూద్దాం" అంది.

ఇక్కడే మనం తడబడతాం. ఇల్లు దొరికితే చాలని ఒప్పుకుంటాం. నేను ఒప్పుకోలేదు.

"పిన్నిగారూ, మీ భయం అద్దె రాదని కదా. అద్దె పెంచితే నేను కట్టలేను. అప్పుడు మీ భయమే నిజమవుతుంది. నేను కట్టగలిగింది 3,200. అదైతే నెల నెలా మీ చేతిలో పెడతాను" అన్నాను.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత 3,300 దగ్గర మాట కుదిరింది.

అడ్వాన్సు దగ్గర కూడా లెక్క వేశాను. మూడు నెలలంటే 10,500. నా దగ్గర అంత లేదు. నూటికి అయిదు వడ్డీకి తెస్తే నెలకు వడ్డీయే 525. అంటే 3,500 ఇంటికి నిజంగా 4,025 కట్టినట్టు! అందుకే రెండు నెలల అడ్వాన్సు అడిగాను. అది 6,600. చేరిన రోజు 3,300 ఇచ్చాను. మిగతాది నెలకు 1,100 చొప్పున మూడు నెలల్లో ఇచ్చాను.

అక్కల్లారా! ఒక సంగతి గుర్తుంచుకోండి. ఇంటివాళ్ళ భయం తీర్చడానికి మనం ఏదో ఒకటి ఒప్పుకోవలసి వస్తే, అద్దె పెంచడానికి ఒప్పుకోకండి. అప్పు చేయకుండా ఇవ్వగలిగితే అడ్వాన్సు కొంచెం ఎక్కువ ఇవ్వండి. నెలకు 500 ఎక్కువిస్తే పదకొండు నెలల్లో 5,500 పోయినట్టే. తిరిగి రాదు. అడ్వాన్సు తిరిగి వస్తుంది. అయితే అది కాగితం మీద ఉండాలి.

కాగితం అన్నాను కదా. మా అద్దె కాగితం పదకొండు నెలలకు రాసుకున్నాం.  చాలామంది పదకొండు నెలలకే రాసుకుంటారు. అద్దె ఎంత? ఏ తేదీకి? అడ్వాన్సు ఎంత, ఎప్పుడు తిరిగి ఇస్తారు? కరెంటు బిల్లు, నీళ్ళ డబ్బు ఎవరిది? సున్నం ఖర్చు అడ్వాన్సులో కోస్తారా? ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి? ఇవన్నీ అందులో ఉండాలి. నేను ప్రతి మాటా కూడబలుక్కుని చదివాను. అరగంట పట్టింది. పట్టనీ! చదవకుండా సంతకం వద్దు. ఖాళీ కాగితం మీద అసలే వద్దు.

తేదీ కూడా అడిగి మార్పించుకున్నాను. ఒకటో తేదీ వద్దు, ఏడో తేదీ అన్నాను. మాకు శనివారం శనివారం కూలి ఇస్తారు. ప్రతి శనివారం 825 డబ్బాలో వేస్తాను. నాలుగు శనివారాలకు 3,300 అవుతుంది. ఫోనులో డబ్బు పంపినా సరే, నోటుపుస్తకంలో సంతకం పెట్టించుకుంటాను.

అన్నీ సవ్యంగా జరిగాయని చెప్పను. ఒక వానాకాలం పని తగ్గింది. డబ్బాలో 2,000 మాత్రమే ఉంది. పాత నేనైతే ముఖం చాటేసేదాన్ని. ఈసారి అయిదో తేదీనే వెళ్ళి చెప్పాను. ఏడున 2,000 ఇచ్చాను. ఇరవై ఒకటిన 1,300 ఇచ్చాను. పిన్నిగారు రెండు సంతకాలు పెట్టింది. "ముందే చెప్పావు, మంచిపని చేశావు" అంది.

మాట కుదరక గొడవ వస్తే భయపడకండి. మీ సామాను బలవంతంగా వీధిలో పడేసే హక్కు ఇంటివాళ్ళకు లేదు. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఉచితంగా న్యాయ సహాయం దొరుకుతుంది. ఆదాయం ఎంతని చూడరు. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు.

పరపతి అంటే డబ్బున్నవాళ్ళదే అనుకునేదాన్ని. కాదు. పరపతి అంటే నమ్మకం. నా పరపతి ఈ అరవై పేజీల నోటుపుస్తకంలో ఉంది. మీరూ ఈ రోజే ఒక నోటుపుస్తకం కొనుక్కోండి. మొదటి పేజీలో మీ పేరు మీరే రాసుకోండి.

సెలవు.

మాట్లాడుకుందాం

1. రెండో ఇంటావిడ ఎందుకు ఖాళీ చేయమంది?
2. అద్దె పెంచడం మంచిదా, అడ్వాన్సు పెంచడం మంచిదా? లెక్క వేసి చెప్పండి.
3. మీ ఇంటి అద్దె కాగితంలో ఏమేమి ఉన్నాయి? చదివి చూడండి.